బైండింగు పెద్దమ్మ కుట్టిన అర్జీలు

మా అమ్మకు సొంత అక్క కాబట్టి ఆవిడ నాకు పెద్దమ్మ. వీధికి మాత్రం ఏ వరసా లేకుండానే పెద్దమ్మ, బైండింగు పెద్దమ్మ. పదిహేనో ఏట పుస్తకాలు కుట్టే షాపులో పనికి చేరింది. అరవై రెండో ఏట, సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనక మానేసింది. మధ్యలో పెళ్ళి మాట చాలాసార్లే వచ్చిందట. వచ్చినప్పుడల్లా షాపులో ఏదో ఒక పుస్తకం అర్జెంటుగా ఉండేదని మా అమ్మ నవ్వేది.

పని మానేశాక కూడా ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. ఎదురుగా ఏ కాగితం కనిపించినా మాట్లాడుతూ మాట్లాడుతూనే అంచుకి అంచు కలిపి మడిచేసేది. మా నాన్న చదువుతున్న పేపరు పక్కన పెట్టి మంచినీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి అది ఎనిమిది మడతలై చిన్న పుస్తకంలా బల్ల మీద ఉండేది. "ఇంకా చదవడం కాలేదు వదినా" అనేవాడు నాన్న. "చదువుకో, నేనేం చింపేశానా" అనేది పెద్దమ్మ.

ఆడవాళ్ళ ఓటు సంగతి ఆవిడ నాకు ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పింది కాదు. బఠాణీలు ఒలుస్తూ కొంత, నా స్కూలు పుస్తకాలకు అట్టలు వేస్తూ కొంత చెప్పింది. ఆవిడ మర్చిపోయినచోట మా అమ్మ సర్దేది. అవి జరిగిన రోజుల్లో పెద్దమ్మకు ఇరవై నాలుగేళ్ళు, అమ్మకు పన్నెండు. తాతయ్య అప్పటికే పోయాడు. అమ్మమ్మ ఇంటి ముందు గదిలో ఇస్త్రీ బల్ల వేసుకుని నలభై ఇళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేది. ఆ గదిలో ఎప్పుడూ బొగ్గుల వేడి, గంజి వాసన. బట్టలు ఆరేసిన తాళ్ళ కింద నుంచి వంగి వంగి వంటింట్లోకి వెళ్ళాల్సిందే.

ఇళ్ళ మూటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గొడవలు వస్తున్నాయని పెద్దమ్మే పట్టుబట్టి అమ్మమ్మకు రాయడం నేర్పింది. ఇస్త్రీ బల్ల అంచు మీద సుద్దతో అక్షరాలు దిద్దించింది. నలభై దాటాక నేర్చిన రాత కదా, అక్షరాలు గాలికి ఒరిగిన గడ్డిలా ఒకే పక్కకు వాలేవి. చివరి అక్షరం మాత్రం, ఇక అయిపోయిందన్న సంతోషానికేమో, మిగతావాటికి రెండింతలు ఉండేది. ముందు మూటల మీద చీటీలు రాసింది. ఆ తర్వాత ఒకరోజు తన పేరు రాసి, చాలాసేపు చూసుకుని, కొంగుతో తుడిచేసింది.

పెద్దమ్మ పనిచేసే షాపు ఒక అచ్చాఫీసు పైఅంతస్తులో ఉండేది. పొడుగాటి హాలు. కిటికీల వైపు ఆడవాళ్ళ బల్ల, గోడ వైపు మగవాళ్ళ బల్ల. అచ్చయిన కాగితాలను ఎముకతో చేసిన చదునైన పుల్లతో నొక్కి మడవడం, వరస చూసి పేర్చడం, కుట్టడం ఆడవాళ్ళ పని. అంచులు కోయడం, అట్టలు వేయడం, బంగారు అక్షరాలు అద్దడం మగవాళ్ళ పని. పుస్తకం మీద పేరు మెరిసేది మగవాళ్ళ చేతిలో, పుస్తకం ఊడిపోకుండా ఉండేది ఆడవాళ్ళ చేతిలో అని పెద్దమ్మ అనేది. అందరి మీదా ఒక మేస్త్రీ ఉండేవాడు. నోరు తక్కువ మనిషి. కుట్టు వదులుగా ఉంటే తిట్టడు. కుట్టు విప్పేసి, కాగితాలు మళ్ళీ మన ముందు పెట్టి వెళ్ళిపోతాడు.

ఆడపిల్లల బడిలో పెద్ద టీచరమ్మ ఏటా హాజరు పట్టీలు బైండింగుకి తెచ్చేది. ఆ ఏడాది ఎండాకాలంలో పట్టీల బదులు ఒక ట్రంకు పెట్టె మోయించుకుని వచ్చింది. మూత తీస్తే నిండా సంతకాల కాగితాలు. ఆడవాళ్ళకు కూడా ఓటు కావాలని శాసనసభకు పెట్టుకునే అర్జీ అది. పదకొండు వేల సంతకాలు. కొన్ని బడి నోటు పుస్తకంలోంచి చింపిన కాగితాలు, కొన్ని కిరాణా పొట్లాల కాగితాలు, ఒకటైతే మందు సీసాకు అంటించే చీటీ.

అంతకు నాలుగేళ్ళ ముందు కూడా ఒక అర్జీ పంపారట. అప్పుడు కట్టలు కట్టి పంపితే, సభలో ఎవరో తాడు విప్పి, కాగితాలు అటూ ఇటూ అయ్యాయని, ఎన్నున్నాయో తేలలేదని పక్కన పడేశారు. సగం కాగితాలు ఎటు పోయాయో ఎవరూ చెప్పలేదు. అందుకని ఈసారి పుస్తకంలా కుట్టించాలని టీచరమ్మ పట్టుదల.

"ఒక్క కాగితం లాగినా ఊడి రాకూడదు. అలా కుట్టగలరా?" అని అడిగింది మేస్త్రీని.

మేస్త్రీ తలతిప్పి పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ ఒక కాగితం తీసి వేళ్ళ మధ్య రాసి చూసి, "కుడతాను" అంది.

ఆ అర్జీ మీద బల్ల దగ్గర ఉన్న ఎనిమిదిమంది ఆడవాళ్ళూ సంతకమో వేలిముద్రో పెట్టారు. వాళ్ళు పెడుతున్నంతసేపూ మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడట. అక్కడ చూడడానికి ఒక గోడ తప్ప ఏమీ లేదు.

పెద్దమ్మ ఒక ఖాళీ కాగితం ఇంటికి తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది. చేతులు ఖాళీగా లేవు, తర్వాత చూద్దాంలే అంది అమ్మమ్మ. మర్నాడు బొగ్గులు అంటుకోలేదంది. ఆ మర్నాడు కాగితం మీద గంజి పడుతుందని తనే తీసి అలమారు మీద పెట్టింది. పది రోజులు ఆ కాగితం అక్కడే ఉంది. చివరికి పెద్దమ్మ దాన్ని అలాగే షాపుకి తీసుకువెళ్ళిపోయింది. అమ్మమ్మకు రాయడం సిగ్గేమో అనుకుంది తప్ప ఇంకో ఆలోచన రాలేదు. రకరకాల కొలతల కాగితాలన్నిటికీ వెనక గుడ్డ పట్టీలు అంటించి, వాటిని దొంతరలుగా మడిచి, మైనం రుద్దిన దారంతో మూడు వారాలు కుట్టింది.

ఆ పుస్తకం ఇంకా ప్రెస్సు బరువు కింద ఆరుతూ ఉండగానే ఇంకో అర్జీ వచ్చింది. ఇది అమ్మమ్మ ఇస్త్రీ చేసే నలభై ఇళ్ళలో ఒకటైన లాయరు గారింటి నుంచి, ఆయన భార్య పంపింది. మంచి దళసరి కాగితం, అన్నీ ఒకే కొలత, పైన అచ్చు అక్షరాలు. ఇంటిని చక్కబెట్టుకునే ఆడవాళ్ళకు ఓటు అక్కర్లేదని, ఆ బరువు తమ మీద పెట్టవద్దని ఆడవాళ్ళే సభవారిని వేడుకుంటున్న అర్జీ. దాన్నీ పుస్తకంలా కుట్టాలి. మేస్త్రీ ఆ కట్ట తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టాడు. "పని పనే" అన్నాడు అంతే.

ఆ కాగితాలు కుట్టడం సుఖం, మడత పెడితే అంచులు కలిసిపోతున్నాయి, ఆ సుఖానికే నాకు ఒళ్ళు మండింది అని చెప్పేది పెద్దమ్మ. చూడకూడదనుకుంటూనే పేర్లు చూస్తూ పోయింది. రెండో రోజు మధ్యాహ్నం ఒక కాగితం మీద చేయి ఆగిపోయింది. లాయరు గారి ఇంటి వంటమనిషి, పాలు పోసే ఆమె, వాళ్ళ కింద ఒక పక్కకు వాలిన అక్షరాలు. చివరి అక్షరం మిగతావాటికి రెండింతలు.

పక్కన కుట్టే ముసలావిడను అందరూ ముక్కుపొడుం అవ్వ అనేవారు. పెద్దమ్మ ముఖం చూసి వంగి కాగితం చూసింది. ఆమెకు చదువు రాదు గాని మనుషులను చదవడం వచ్చు.

"ఎవరు, మీ అమ్మా?"

పెద్దమ్మ తల ఊపింది.

"ఒక్క కాగితం బల్ల కిందికి జారిపోతే ఎవరు చూడొచ్చారే. సాయంత్రం చెత్తతోపాటు నేనే ఊడ్చేస్తా."

పెద్దమ్మ కాగితం చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంది. ఆ కాసేపట్లో తన మనసులో ఏం తిరిగిందో ఎన్నిసార్లు అడిగినా ఒకే మాట చెప్పేది. కోపం ఉంది, సిగ్గూ ఉంది, కానీ ఆ అక్షరాలు చాలా బాగా వచ్చాయి. ఒక్క కొట్టివేత లేదు. మూటల చీటీల మీద తప్ప ఎక్కడా రాయని మనిషి మొదటిసారి లోకానికి కనిపించేలా పేరు రాసుకుంది. దాన్ని చెత్తబుట్టలో ఎలా వేస్తాను అనేది.

"వద్దులే అవ్వా. అంత కష్టపడి రాసింది" అని, ఆ కాగితాన్ని దాని వరసలోనే పెట్టి కుట్టేసింది. టీచరమ్మ అర్జీకి ఎంత బిగువు పెట్టిందో దీనికీ అంతే పెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే అడిగింది. ఈ ఘట్టం మా అమ్మకు బాగా గుర్తు. తను గుమ్మం దగ్గర బట్టలు మడతపెడుతోందట.

"లాయరు గారింట్లో సంతకం పెట్టావా అమ్మా?"

అమ్మమ్మ ఇస్త్రీపెట్టె ఆపలేదు. పెట్టానంది. వాళ్ళు బలవంతం చేశారా అని అడిగింది పెద్దమ్మ. బలవంతం చేశారని చెబితే బాగుండునని ఆశపడింది. ఎవరూ చెయ్యలేదు, చదివి వినిపించారు, నాకు నచ్చింది, పెట్టానంది అమ్మమ్మ.

"ఏం నచ్చింది అందులో?"

అప్పుడు అమ్మమ్మ పెట్టె పక్కన నిలబెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "కూరలో ఉప్పు ఎక్కువైతే తప్పు నాది. పిల్లకి జ్వరం వస్తే తప్పు నాది. మీ నాన్న తాగి పడితే కూడా నేను సరిగ్గా చూసుకోలేదన్నారు. ఈ రాజ్యం ఒక్కటే నా తప్పు కాకుండా మిగిలింది. అదీ తెచ్చి నా నెత్తిన వేస్తారా?"

పెద్దమ్మ అప్పుడు చెప్పులు విడిచింది. సభలో పెద్ద పెద్ద వాళ్ళు అనే మాటలకు టీచరమ్మ దగ్గర జవాబులు నేర్చుకుంది. ఈ మాటకు జవాబు ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరూ ముక్తసరిగానే మాట్లాడుకున్నారు. ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతే. మధ్యలో మా అమ్మ ఇటు మాట అటు, అటు మాట ఇటు మోయలేక చచ్చేది.

రెండు అర్జీలూ సభకు వెళ్ళాయి. ఏడాది తిరిగాక చట్టం వచ్చింది. ఆడవాళ్ళకు ఓటు ఇచ్చారు, కానీ అందరికీ కాదు. తన పేరు మీద ఇల్లో పొలమో ఉన్నవాళ్ళకు, లేదంటే పెద్ద పరీక్ష పాసైనవాళ్ళకు మాత్రమే. షాపులో ఆడవాళ్ళ బల్ల దగ్గర ఎనిమిదిమందిలో ఒక్కరికీ రాలేదు. ఆ కబురు తెలిసిన సాయంత్రం టీచరమ్మ షాపు మెట్లెక్కి వచ్చి, ఏదో అపరాధం చేసిన మనిషిలా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమెకు ఓటు వచ్చింది మరి. నేను ఒక్కదాన్నే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అంది. ముక్కుపొడుం అవ్వే కసిరింది: "వెళ్ళు తల్లీ. నువ్వూ మానేస్తే తలుపు మళ్ళీ మూసేస్తారు."

ఎన్నికలకు రెండు రోజుల ముందు అమ్మమ్మ లాయరు గారింటికి మూట తేవడానికి వెళ్ళింది. ఆయన భార్య లేత నీలం పట్టు బట్టలు తీసి ఇస్తూ, ఎల్లుండి పొద్దున్నే ఓటుకి వెళ్ళాలి, మడతలు సరిగ్గా పడేలా చూడు అని చెప్పింది. ఆ ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. అమ్మమ్మ బట్టలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"మనకి ఓటు వద్దని నా చేత కాగితం మీద రాయించారు కదమ్మగారూ?"

"అది అప్పుడు. ఇచ్చాక వాడుకోకపోతే బాగుంటుందా? మనలాంటి మంచి కుటుంబాల వాళ్ళం వెయ్యకపోతే ఎవరు పడితే వాళ్ళు గెలుస్తారు."

ఆవిడ 'మనలాంటి' అన్నప్పుడు ఆ 'మన'లో తను లేదని అమ్మమ్మకు తెలిసింది. ఇంటికి తెచ్చి ఆ పట్టును ఎంత జాగ్రత్తగా ఇస్త్రీ చేసిందో. పైన తడి గుడ్డ పరిచి, పెట్టె వేడిని చెంప దగ్గర చూసుకుంటూ, ఒక్క ముడత లేకుండా చేసి ఇచ్చి వచ్చింది. ఎన్నికల రోజు ఇంటి ముందు నిలబడి, ఆ నీలం పట్టు బండెక్కి వెళ్ళడం చూసింది. సాయంత్రం పెద్దమ్మ పని నుంచి రాగానే, ఏడాది దాటాక మొదటిసారి, తనంతట తానే పలకరించింది.

"ఆ కాగితం మీద నా పేరు కొట్టెయ్యడానికి కుదురుతుందా?"

"నేనే కుట్టానమ్మా. ఊడి రాదు."

అమ్మమ్మ కాసేపు బొగ్గులు ఎగదోసింది. "అయితే ఇంకో కాగితం తీసుకురా" అంది.

ఓటు అందరికీ కావాలని టీచరమ్మ వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టిన అర్జీ ఆరేళ్ళు నడిచింది. ఆ ఆరేళ్ళలో అమ్మమ్మ చేసింది చూస్తే, ఈవిడేనా ఆవిడ అనిపించేదట. నలభై ఇళ్ళకు మూటలు ఇచ్చి రావడం ఎలాగూ ఉంది. మూట అడుగున కాగితాలు పెట్టుకుని వెళ్ళేది. పెరటి గుమ్మంలో నిలబడి బట్టలు లెక్క అప్పచెబుతూనే, వంటమనిషిని, అంట్లు తోమే ఆమెను, ఒక్కోసారి ఇంటావిడను కూడా పిలిచి సంతకం పెట్టించేది. రాయడం రానివాళ్ళకు పేరు ఎలా రాయాలో గోడ మీద తడి వేలితో రాసి చూపించేది. "నువ్వే వద్దన్నావుగా పెద్దదానా" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, అవును, తప్పు చేశాను, కావాలంటే నువ్వూ అదే చేసి తర్వాత ఏడువు అని చక్కాపోయేది.

కాగితాలు మూటల్లో నలిగిపోయేవి. అలా నలిగినవి ఇవ్వడం అమ్మమ్మకు నామోషీ. రాత్రి వంట కాకముందే, పెట్టెలో మిగిలిన వేడితో వాటిని ఇస్త్రీ చేసి పంపేది. షాపులో ట్రంకు పెట్టె తెరిస్తే ఇరవై ఊళ్ళ కాగితాల మధ్య అమ్మమ్మవి మాత్రం అద్దంలా ఉండేవి, లేత గంజి వాసన వేస్తూ. "ఈవిడను మన షాపులో పెట్టుకోవాల్సింది" అన్నాడు మేస్త్రీ. పెద్దమ్మకు తెలిసినంతలో ఆయన ఎవరినైనా మెచ్చుకోవడం అదొక్కసారే.

ఆ మూడో అర్జీ ఒక పుస్తకంలో పట్టలేదు. తొమ్మిది పుస్తకాలైంది. ముక్కుపొడుం అవ్వ నాలుగోది కుడుతూ ఉండగా జబ్బు చేసి మంచం పట్టింది, మళ్ళీ రాలేదు. ఆమె వదిలేసినచోటి నుంచి పెద్దమ్మే కుట్టింది. రెండు చేతుల కుట్టూ ఆ పుస్తకంలో ఎక్కడ మారుతుందో కళ్ళు మూసుకుని తడిమినా చెప్పగలననేది. చివరికి అందరికీ ఓటు చట్టం అయింది మాత్రం ఆ అర్జీ ఒక్కదాని వల్లే అనేది కాదు. ఎన్నో ఊళ్ళలో ఎంతోమంది వీధుల్లో నడిచారు, కొందరు జైలుకి కూడా వెళ్ళారు, మనం కూర్చుని కుట్టాం అంతే అనేది.

అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలకు అమ్మమ్మకు యాభై దాటాయి. వారం రోజుల ముందు నుంచి ఇస్త్రీ బల్ల అంచు మీద సుద్దతో పేరు రాసి ప్రాక్టీసు చేసింది. ఇన్నేళ్ళ రాతకు అక్షరాలు కొంచెం నిటారుగా నిలబడ్డాయట. ఆ రోజు ముగ్గురూ కలిసి ఆడపిల్లల బడికి వెళ్ళారు. అప్పటికి మా అమ్మకూ ఓటు వయసు వచ్చింది. వరస బడి గేటు దాటి వీధి మలుపు దాకా ఉంది. ఎండ. చంకన పిల్లలు. ఒకరి వెనక ఒకరు నిలబడడం అలవాటు లేక గుంపుగా ముందుకు జరుగుతున్నారు. టీచరమ్మ, జుట్టంతా నెరిసిపోయి, అటూ ఇటూ తిరుగుతూ వరసలు సర్దుతోంది, బడిపిల్లలను సర్దినట్టే.

అమ్మమ్మ లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. బయట పెద్దమ్మకు కంగారు మొదలైంది. లోపల అధికారి గొంతు వినిపించింది, అమ్మా, గట్టిగా చదవకూడదమ్మా అంటూ. అమ్మమ్మ పోటీ చేస్తున్నవాళ్ళ పేర్లన్నీ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదువుతోంది. ఒక్క పేరూ వదలకుండా చదివాకే గుర్తు పెట్టి బయటికి వచ్చింది. ముఖం మాత్రం చిన్నబుచ్చుకుని ఉంది.

ఏమైందని పెద్దమ్మ అడిగింది.

"పేరు రాయనివ్వలేదే. ఊరికే గుర్తు పెట్టమన్నారు. మరి అది నేనే వేశానని వాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"తెలియకూడదమ్మా. ఎవరు వేశారో ఎవరికీ తెలియకూడదనే అలా పెట్టారు."

అమ్మమ్మ ఆ మాటను దారి పొడుగునా ఆలోచించింది. ఇంటి దగ్గరికి వచ్చాక, లాయరు గారికి కూడా తెలియదా అని అడిగింది. తెలియదంది పెద్దమ్మ. వాళ్ళావిడకు? తెలియదు. అప్పుడు అమ్మమ్మ నవ్వింది. అమ్మమ్మ అంతగా నవ్వడం తను అంతకుముందు చూడలేదని మా అమ్మ చెప్పేది. ఆ తర్వాత ఇంకో మూడు ఎన్నికలు చూసి పోయింది అమ్మమ్మ. ఎవరికి వేసిందో కూతుళ్ళకు కూడా చెప్పలేదు.

నేను కాలేజీలో చేరాక శాసనసభ పాత కాగితాలు ఉంచే భవనానికి ఒకసారి వెళ్ళాను. పెద్దమ్మ కుట్టిన పుస్తకాలు చూసి రావాలని నా కోరిక. గుమాస్తా మర్యాదస్తుడే. మూడు రిజిస్టర్లు తిరగేశాడు. అర్జీలు అందినట్టు రాసి ఉంది, ఓటు కావాలన్నదీ వద్దన్నదీ ఒకదాని కింద ఒకటి. అవి ఇప్పుడు ఏ గదిలో ఉన్నాయో మాత్రం రాసి లేదు. భవనం మారినప్పుడు చాలా సామాను గోదాముల్లోకి వెళ్ళిందని, వెతకాలంటే ఏళ్ళు పడుతుందని చెప్పాడు.

ఆ మాట పెద్దమ్మకు ఎలా చెప్పాలా అని దారంతా మథనపడ్డాను. తీరా చెబితే ఆవిడ పెద్దగా బాధపడలేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, నేను తెచ్చిన బస్సు టికెట్టును అప్పటికే సగానికి మడిచేసింది.

"పోనీలే. ఆ గోదాములు నేల మీదా, మేడ మీదా? నేల మీదైతే చెమ్మ ఎక్కుతుంది. అంటించింది పిండి జిగురు, చెమ్మకి ఆగదు. ఈసారి వెళ్తే ఆ అబ్బాయికి చెప్పు, ఎక్కడున్నా కాస్త ఎత్తు మీద పెట్టించమని."

చెబుతానన్నాను. వెళ్ళి చెప్పాను కూడా. గుమాస్తా ఒక కాగితం మీద రాసుకున్నాడు.